‘సేంద్రియ’ కాంట్రాస్టా, ‘కర్బన’ కాంట్రాస్టా?

ప్రశ్న: ఎం.ఆర్.ఐ. స్కానింగ్‌లో చిత్రం తేటపడేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందులో గాడోలినియం లోహానికి బదులు ఆర్గానిక్ అణువులను వాడే ప్రయత్నాల మీద వ్యాసం రాస్తున్నాను. ‘లోహరహిత సేంద్రియ కాంట్రాస్ట్ మందు’ అన్నాను. బాగుందా?

జవాబు: ‘సేంద్రియ’ వద్దండీ. ఆ మాట వినగానే పశువుల ఎరువు, వేపపిండి, పురుగుమందు కొట్టని కూరగాయలు గుర్తుకొస్తాయి. వెంటనే ‘అయితే హాని లేదన్నమాట’ అనుకుంటారు. రసాయన శాస్త్రం అలాంటి హామీ ఏదీ ఇవ్వదు. మన పాఠ్యపుస్తకాల్లో ‘కర్బన రసాయన శాస్త్రం’ ఎప్పటినుంచో ఉంది. ‘కర్బన’ అనండి, చాలు.

మరో జవాబు: నేనూ ‘కర్బన’ వైపే. కానీ ‘లోహరహిత’ను మాత్రం పొరపాటున కూడా తీసేయకండి. గాడోలినియం అయాన్లు విడిగా ఒంట్లోకి వెళ్తే విషం. అందుకే డోటా వంటి అణువులో బంధించి ఎక్కిస్తారు. ఆ డోటా కర్బన సమ్మేళనమే! అంటే ఒక్క ‘కర్బన’తో తేడా తెలియదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో చర్మం గట్టిపడిపోయే జబ్బుకూ గాడోలినియానికీ సంబంధం ఉందని 2006లో బయటపడింది. లోహం లేని మందుల వెతుకులాట జోరందుకోవడానికి అదొక ముఖ్య కారణం.

ప్రశ్న వేసినవారు: మరి లోహం లేకుండా చిత్రం ఎలా తేటపడుతుంది?

మరో జవాబు: గాడోలినియం అయానులో జతకూడని ఎలక్ట్రాన్లు 7. వాటి ప్రభావంతో, స్కానర్ కదిలించిన చుట్టుపక్కల నీటిలోని ప్రోటాన్లు (హైడ్రోజన్ కేంద్రకాలు) త్వరగా మామూలు స్థితికి వస్తాయి, ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. నైట్రాక్సైడ్ అనే కర్బన అణువుకు అలాంటి ఎలక్ట్రాన్ ఒక్కటే. పని తక్కువ. పైగా ఒంట్లో ఉన్న విటమిన్ సి దాన్ని ఇట్టే నిర్వీర్యం చేస్తుంది (నిమ్మకాయను తిట్టుకోవాల్సిన సందర్భం ఇదొక్కటేనేమో). 2017లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు నైట్రాక్సైడ్లను పెద్ద పాలిమర్ అణువుల లోపలి పొరల్లో దాచి, ఎలుకల్లోని కణుతులను చిత్రించారు.

లోహం లేని కాంట్రాస్ట్‌గా వాడి చూస్తున్న గ్లూకోజ్‌ది వేరే దారి. దాని హైడ్రాక్సిల్ (ఆక్సిజన్‌కు అంటుకుని ఉన్న) ప్రోటాన్లు నీటి ప్రోటాన్లతో అదేపనిగా చోట్లు మార్చుకుంటుంటాయి. స్కానర్ ముందుగా ఆ హైడ్రాక్సిల్ ప్రోటాన్ల సంకేతాన్ని అణచివేస్తే, మార్పిడి వల్ల నీటి సంకేతమూ తగ్గుతుంది. ఆ తగ్గుదలే ఆనవాలు.

ప్రశ్న వేసినవారు: స్కానింగ్ సెంటర్లలో ‘రంగు మందు’ అంటారు కదా, అది పెట్టనా?

జవాబు: అక్కడి సిబ్బంది నోట బాగానే ఉంటుంది, మీ వ్యాసంలో కుదరదు. ఆ మందు దేనికీ రంగు వేయదు. ఎం.ఆర్.ఐ.లో కనిపించేది కూడా మందు కాదు, దాని వల్ల మారిన నీటి సంకేతం. శీర్షికలో ‘లోహం లేని కాంట్రాస్ట్ మందులు’ అని పెట్టి, ‘కర్బన’ను మొదటి పేరాలో వివరించండి.