నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడి, దానంతట అదే ఆగిపోయింది: ఇంకా పరీక్షలు చేయించుకోవాలా?

ప్రశ్న: నగరి నుంచి, మరమగ్గాల యజమాని

అందరికీ నమస్కారం. నా వయసు 53 ఏళ్లు. నగరి దగ్గర నూలుకు రంగులు అద్దే యూనిట్‌లో పెళ్లికి ముందు నుంచీ చాలా ఏళ్లు పనిచేసి, ఆ తరువాత సొంతంగా మరమగ్గాలు పెట్టుకున్నాను. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నాను. సిగరెట్టు అలవాటు చాలా కాలం ఉండేది, మానేసి కొన్నేళ్లయింది.

వేసవి చివరలో ఒకరోజు ఉదయం మూత్రం కుంకుమ కలిపిన నీళ్లలా వచ్చింది. మంట గానీ, నొప్పి గానీ, జ్వరం గానీ లేవు. మొదటి నుంచి చివరి వరకు ఒకే రంగులో వచ్చి, సాయంత్రానికి పలచబడి, మరునాటికి మామూలైపోయింది. ఎండల్లో తిరిగినందువల్ల వేడి చేసిందని ఇంట్లోవాళ్లు సబ్జా గింజల నీళ్లు, బార్లీ నీళ్లు ఇచ్చారు. తెలిసినవారొకరు రాళ్లు ఉంటాయేమో, కొండపిండాకు కషాయం తాగమన్నారు. కొన్ని వారాలకు మళ్లీ అలాగే వచ్చింది. ఈసారి సన్నని ముదురు ఎరుపు గడ్డ కూడా ఒకటి పడింది.

దగ్గరలో ఉన్న డాక్టరుగారు మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించారు. మూత్రంలో ఎర్ర కణాలు ఎక్కువగా ఉన్నాయని, స్కానింగ్‌లో రాళ్లు లేవని, కిడ్నీలు బాగున్నాయని, ప్రోస్టేట్ గ్రంథి కొద్దిగా పెరిగిందని రిపోర్టు వచ్చింది. ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని చెప్పి యాంటీబయాటిక్ కోర్సు రాశారు. అది వాడిన తరువాత ఇంతవరకు రక్తం కనిపించలేదు. మళ్లీ వస్తే యూరాలజిస్టును కలవమన్నారు.

నా సందేహాలు ఇవి. రక్తం ఆగిపోయింది కాబట్టి జబ్బు తగ్గినట్టేనా? మూత్రనాళం గుండా గొట్టం పెట్టి లోపల చూస్తారని విన్నాను, అది నిజంగా అవసరమా? పాత రంగుల పనికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి ఉంది. ఆ పని ముగిసే వరకు ఆగవచ్చునా? ఈ విషయం ఇంట్లో పూర్తిగా చెప్పలేక ఇక్కడ అడుగుతున్నాను.


జవాబు: చిత్తూరు నుంచి, జనరల్ ఫిజీషియన్

అయ్యా, మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా మీ జబ్బు ఫలానా అని చెప్పడం సరికాదు. కానీ ఏ పరీక్షలు మిగిలి ఉన్నాయో మీరు రాసినదాన్ని బట్టి స్పష్టంగా చెప్పగలను.

ముందుగా మీ మొదటి ప్రశ్న. రక్తం ఆగిపోవడం జబ్బు తగ్గిందనడానికి గుర్తు కాదు. మూత్రాశయం లోపలి పొరలో కంతి ఉన్నప్పుడు అది అప్పుడప్పుడు మాత్రమే రక్తం కారుస్తుంది. మధ్యలో వారాలు, ఒక్కోసారి నెలల పాటు మూత్రం పూర్తిగా శుభ్రంగా ఉంటుంది. ఆ విరామంలో మనిషి ఏ కషాయం తాగి ఉంటే ఆ కషాయానికి, ఏ మాత్ర వేసుకుని ఉంటే ఆ మాత్రకు పేరు వస్తుంది. మీ విషయంలో యాంటీబయాటిక్ పనిచేసిందని చెప్పాలంటే మూత్రం కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా పెరిగినట్టు రిపోర్టు ఉండాలి. ఆ పరీక్ష చేశారో లేదో చూసుకోండి. మొదటిసారి ఏ మందూ లేకుండానే ఒక్కరోజులో ఆగింది కదా, రెండోసారి కూడా అలాగే ఆగి ఉండవచ్చు.

స్కానింగ్ గురించి కూడా చెప్పాలి. అల్ట్రాసౌండ్ స్కానింగ్ కిడ్నీలను, పెద్ద రాళ్లను బాగానే చూపిస్తుంది. అయితే మూత్రాశయంలోని చిన్న కంతి, ముఖ్యంగా గోడకు అంటుకుని పలచగా పరుచుకున్నది, అందులో కనిపించకపోవచ్చు. మూత్రాశయం సరిగా నిండకముందే స్కానింగ్ చేసి ఉంటే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళాలు కూడా అందులో పూర్తిగా తెలియవు. ప్రోస్టేట్ పెరిగినవారిలో రక్తం పడవచ్చుననేది నిజమే, కానీ మిగతా కారణాలన్నీ లేవని తేలిన తరువాతే ఆ నెపం ప్రోస్టేట్ మీద వేయాలి.

మీరు భయపడాలని ఇదంతా రాయడం లేదు. మూత్రంలో రక్తం కనబడినవారిలో ఎక్కువ మందికి క్యాన్సర్ ఉండదు. లీటరు మూత్రంలో ఒక్క మిల్లీలీటరు రక్తం కలిసినా రంగు మారి కంటికి కనిపిస్తుంది కాబట్టి, చూసినంతలో పోయిన రక్తం ఎంతో ఎక్కువనుకోనక్కరలేదు. బీట్‌రూట్ తిన్నా, క్షయకు వాడే రిఫాంపిసిన్ వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది. మీ రిపోర్టులో ఎర్ర కణాలే కనబడ్డాయి కాబట్టి ఆ మాట ఇక్కడ వర్తించదు. రాళ్లు, ఇన్‌ఫెక్షన్, మూత్రవ్యవస్థకు వచ్చే క్షయ, కిడ్నీ వడపోతలో వాపు, ప్రోస్టేట్, మూత్రాశయపు కంతి, కిడ్నీ కంతి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కిడ్నీ వడపోతలో వాపు ఉంటే మూత్రం ఎరుపు కంటే కోలా రంగులో రావడం, నురగ పట్టడం, ముఖం ఉబ్బడం, రక్తపోటు పెరగడం వంటివి ఉంటాయి. రాయి కదిలితే నడుము నుంచి గజ్జ దాకా పోటు వస్తుంది. మీకు ఇవేవీ లేవు. నడివయసు దాటిన మగవాడు, పొగతాగిన చరిత్ర, నొప్పి లేని రక్తం, అందులో గడ్డ: ఈ నాలుగూ కలిసినప్పుడు మూత్రాశయం లోపల కంటితో చూడకుండా వదిలేయకూడదు. మూత్రాశయపు క్యాన్సర్ ఆడవారి కంటే మగవారిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పొగాకే దీనికి అన్నిటికంటే పెద్ద కారణం, మానేసిన తరువాత కూడా ఆ ముప్పు తగ్గుతుందే గానీ వెంటనే పోదు.

కాబట్టి మూడోసారి వచ్చేదాకా ఎదురు చూడవద్దు. ఈ వారంలోనే యూరాలజిస్టును కలవండి.


జవాబు: తిరుపతి నుంచి, విశ్రాంత ఆర్టీసీ కండక్టర్

తమ్ముడూ, మీరు భయపడుతున్న పరీక్ష నాకు జరిగింది, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

సిస్టోస్కోపీ అంటే పెద్ద ఆపరేషన్ కాదు. బల్ల మీద పడుకోబెట్టి, శుభ్రం చేసి, మూత్రద్వారంలోకి చల్లని జెల్లీ మందు ఎక్కించి, అది మొద్దుబారే వరకు కొన్ని నిమిషాలు ఆగుతారు. ఆ తరువాత వంగే సన్నని గొట్టాన్ని మెల్లగా లోపలికి పంపుతారు. ప్రోస్టేట్ దగ్గరికి వచ్చేటప్పుడు ఒక నొక్కు తెలుస్తుంది, అప్పుడు మూత్రం పోస్తున్నట్టుగా ఒళ్లు వదులు చేయమంటారు. లోపలికి సెలైన్ నీళ్లు పంపుతారు కాబట్టి వెంటనే మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది. చూడడం అంతా అయిదు పది నిమిషాల పని. నాకు అదే గదిలో తెర మీద చూపించారు. గులాబీ రంగు గోడ, దాని మీద సన్నని ఎర్రటి రక్తనాళాలు, ఒకవైపు కాడతో వేలాడుతూ నీటిలో కదులుతున్న చిన్న కంతి కనిపించాయి. అంతకు ముందు చేసిన స్కానింగ్‌లో అది కనబడలేదు. పరీక్ష తరువాత ఒకటి రెండు రోజులు మంట, కొద్దిగా ఎరుపు ఉంటాయి. నీళ్లు బాగా తాగితే సర్దుకుంటాయి.

నాకు వెన్నుకు మత్తు ఇచ్చి, కోత లేకుండా మూత్రమార్గం గుండానే ఆ కంతిని గీకి తీశారు. బయాప్సీలో అది క్యాన్సరేనని, కానీ పైపొర వరకే ఉంది, కండరంలోకి దిగలేదని వచ్చింది. ఆ మాట విన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ కలిగిన ఊరటను మాటల్లో చెప్పలేను. తరువాత వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు బీసీజీ మందును మూత్రాశయంలోకి ఎక్కించారు. పసిపిల్లలకు భుజం మీద వేసే క్షయ టీకా మందే ఇది. రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి, ఆ తరువాత ఆరు గంటల పాటు కూర్చునే మూత్రం పోయాలి, ప్రతిసారీ మరుగుదొడ్డిలో బ్లీచింగ్ కలిపిన నీళ్లు పోసి కాసేపు ఆగి కడగాలి అని చెప్పారు. ఈ జబ్బు మళ్లీ మళ్లీ మొలిచే స్వభావం ఉన్నది కాబట్టి మొదట్లో మూడు నెలలకొకసారి చూపించుకోవాలి. అయినా నేను నడుస్తున్నాను, తింటున్నాను, మనవళ్లను బడికి దింపుతున్నాను. మీకు కంతే ఉందని నేను అనడం లేదు. ఉంటే మాత్రం పైపొరలో ఉండగా దొరకడానికీ, కండరంలోకి దిగాక దొరకడానికీ మధ్య తేడా చాలా పెద్దది. కండరంలోకి దిగితే మూత్రాశయాన్నే తీసివేయవలసి రావచ్చు.

ఇంకొక మాట. ఇంట్లో చెప్పండి. ఆ రోజు పక్కన ఒక మనిషి ఉండాలి.


జవాబు: తిరుపతి నుంచి, ల్యాబ్ టెక్నీషియన్

అన్నా, మూత్రం ఇచ్చే పద్ధతి గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాట్ల వల్ల రిపోర్టు తప్పుదారి పడుతుంది. కల్చర్‌కు ల్యాబ్‌లో ఇచ్చే స్టెరైల్ డబ్బానే వాడాలి, ఇంటి సీసా పనికిరాదు. ముందు కొంత మూత్రం వదిలేసి మధ్య ధారను పట్టాలి, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. క్యాన్సర్ కణాల కోసం చేసే సైటాలజీ పరీక్షకు తెల్లవారి లేవగానే వచ్చే మొదటి మూత్రం వద్దు. రాత్రంతా నిలవ ఉండడం వల్ల కణాలు చెడిపోతాయి, ఆ తరువాత వచ్చేది ఇవ్వండి. సైటాలజీలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన సిస్టోస్కోపీ మానుకోకూడదు, నెమ్మదిగా పెరిగే కంతులు అందులో తరచుగా దొరకవు. మళ్లీ ఎరుపు కనబడితే తేదీతో సహా ఫోనులో ఫొటో తీసి ఉంచండి, డాక్టరుగారికి అది ఎంతో ఉపయోగపడుతుంది.


ప్రశ్నించినవారి స్పందన

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పాత కాగితాలు వెతికి చూశాను. కల్చర్ చేశారు, అందులో ఏ బ్యాక్టీరియా పెరగలేదని ఉంది. రాత్రి నా భార్యకు అంతా చెప్పాను, పెళ్లి పనులు తాను, బావమరిది చూసుకుంటామని, ముందు ఆసుపత్రికి బయలుదేరమని అంది. తిరుపతికి వెళ్లాలా, వేలూరుకా, చెన్నైకా? ఖర్చు ఎలా? సీటీ స్కాన్ కూడా తీస్తారని విన్నాను, అందులో నాళాలు స్పష్టంగా కనబడడానికి ఇచ్చే ఇంజెక్షన్‌ను చక్కెర మాత్రలు వాడేవారు వేయించుకోవచ్చునా? రంగుల పని గురించి కూడా దయచేసి చెప్పండి.


జవాబు: చిత్తూరు నుంచి, జనరల్ ఫిజీషియన్

కల్చర్‌లో ఏమీ పెరగలేదంటే ఇన్‌ఫెక్షన్ అనే మాటకు ఆధారం లేదన్నమాట. ఆ కాగితాన్ని ఫైలులో అన్నిటికంటే పైన పెట్టుకుని వెళ్లండి.

నగరి నుంచి తిరుపతి, చెన్నై రెండింటికీ నేరుగా బస్సులు ఉన్నాయి, వేలూరు సీఎంసీ కూడా మన ప్రాంతం వారికి అలవాటైన ఆసుపత్రే. అయినా మీరు తిరుపతి స్విమ్స్‌లో యూరాలజీ విభాగానికి వెళ్లడం మేలని నా అభిప్రాయం. ఈ జబ్బు బయటపడినా పడకపోయినా కొన్నాళ్లు మళ్లీ మళ్లీ వెళ్లవలసి ఉంటుంది, దూరమైతే మధ్యలో మానేస్తారు. ఒకవేళ క్యాన్సర్ అని తేలితే అదే ఊళ్లో అలిపిరి దగ్గర టాటా వారి క్యాన్సర్ ఆసుపత్రి స్వికార్ కూడా ఉంది. మన ఊళ్లలో ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అంటున్నాం గానీ ప్రస్తుతం ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆధార్, బియ్యం కార్డు వెంట తీసుకువెళ్లి, ఓపీ చీటీ రాయించుకున్న రోజే ఆ కౌంటర్‌లో ఏ పరీక్షలు, ఏ చికిత్సలు అందులోకి వస్తాయో అడగండి. పరీక్షలన్నీ అయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.

సీటీ స్కాన్‌కు ముందు రక్తంలో కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ చూస్తారు. అది మామూలుగా ఉంటే చక్కెర ఉన్నవారికి కూడా ఆ ఇంజెక్షన్ ఇస్తారు. కిడ్నీల పనితీరు తగ్గి ఉంటే మెట్‌ఫార్మిన్‌ను రెండు రోజులు ఆపమంటారు, మీ అంతట మీరు ఆపవద్దు. గుండెకు గానీ పక్షవాతానికి గానీ రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే అవి కూడా చెప్పండి. అలాంటి మందుల వల్లే రక్తం పడిందని ఎవరైనా అన్నా పరీక్ష మానకూడదు, ఆ మందులు లోపల దాగి ఉన్న కంతిని ముందుగా బయటపెట్టి ఉండవచ్చు. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ అనే రక్తపరీక్ష ఎప్పుడు చేయాలో యూరాలజిస్టు నిర్ణయిస్తారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.

ఇక రంగుల సంగతి. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లూడ్విగ్ రేన్ అనే సర్జన్, రంగుల ఫ్యాక్టరీలో పనిచేసినవారికి మూత్రాశయపు కంతులు వస్తున్నాయని మొట్టమొదట గుర్తించారు. బెంజిడిన్, బీటా నాఫ్తైలమీన్ వంటి రసాయనాలు ఒంట్లోకి చేరి, కిడ్నీల ద్వారా వడకట్టబడి, మూత్రంతో పాటు మూత్రాశయంలో గంటల తరబడి నిలిచి, లోపలి పొరను దెబ్బతీస్తాయని ఆ తరువాత తేలింది. పని మానిన పదిహేను ఇరవై ఏళ్లకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా జబ్బు కనబడవచ్చు. మీ యూనిట్‌లో ఏ రంగులు వాడారో తెలియకుండా దాన్నే కారణమనలేము. కానీ యూరాలజిస్టు దగ్గర "మగ్గాలు" అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, అద్దకం పని ఏ ఏళ్లలో చేశారో, తొట్లలో చేతులు పెట్టి పనిచేశారా, గ్లవ్స్ ఉండేవా, పొడి రంగులు కలిపేవారా అన్నవన్నీ ఓపీ చీటీ మీద రాయించండి.

వెళ్లేలోపు ఒక జాగ్రత్త. గడ్డలు ఎక్కువగా పడి మూత్రం బిగదీసుకుపోయి, పొత్తికడుపు ఉబ్బి నొప్పి చేస్తే ఇంకా నీళ్లు తాగుతూ ఎదురు చూడకండి. 108కు ఫోన్ చేసి దగ్గరలో ఉన్న క్యాజువాలిటీకి వెళ్లండి. కళ్లు తిరగడం, చలి జ్వరం రావడం కూడా అంతే.

మీతో పాటు ఆ యూనిట్‌లో పనిచేసిన పాతవాళ్లు నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు ఇంకా ఉంటారు కదా. వారిలో ఎవరికైనా మూత్రం ఎర్రగా వచ్చి ఉంటే, ఎన్నాళ్ల కిందటిదైనా సరే, ఒకసారి చూపించుకోమని మీరే చెప్పండి.