నల్లి అనగానే మందు కొట్టాలా?

మొన్న ఆదివారం మా చిన్నాన్న రాజేంద్రనగర్‌లో మా ఇంటికి వచ్చారు. ఆయనకు మిర్యాలగూడ దగ్గర వరి పొలం ఉంది. ఫోన్‌లో ఫొటో చూపించి, "దోమ చాలదన్నట్టు నల్లి కూడా పట్టిందిరా. దుకాణంలో రెండింటికీ కలిపి మందిచ్చారు" అన్నారు.

ఫొటో పెద్దది చేసి చూశాం. దుబ్బు మొదట్లో వరి రసం పీల్చే గోధుమరంగు సుడిదోమలు. వాటి మధ్య సన్నటి ఆకుపచ్చ పురుగు ఒకటి, తల మీద నల్లమచ్చతో. పొడవు 3 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. అది మిరిడ్ నల్లి. సుడిదోమ గుడ్లనీ పిల్లలనీ తినేది అదే! "మరి నల్లి అన్నారు కదా" అని ఆయన చాలాసేపు ఫొటో వంకే చూస్తూ కూర్చున్నారు.

తప్పు ఆయనది కాదు, పేరుది. మంచంలో రక్తం తాగేదీ నల్లే, పాలుపోసుకునే గింజను పీల్చి తాలు చేసే కంపునల్లీ నల్లే. బెండ ఆకు మీది ఎర్రనల్లికైతే ఎనిమిది కాళ్లు, అది సాలీడుకు చుట్టం. (మన హైదరాబాద్‌లో మటన్ కొట్టు దగ్గర నల్లి అంటే మూలుగ ఎముక. ఆ మాట వేరు.)

దోమ సంగతి ఇంకా చిక్కు. పైరు సుడులు సుడులుగా ఎండుతుంది కాబట్టి సుడిదోమ అన్నారు, చక్కటి పేరు. కానీ మనల్ని కుట్టే దోమకు రెండే రెక్కలు, అది ఈగ వర్గం. సుడిదోమకు నాలుగు, అది నల్లులుండే హెమిప్టెరా వర్గం. జీడిమామిడికి పట్టే టీ దోమ అయితే మిరిడ్ నల్లికి సొంత కుటుంబమే. ఇద్దరికీ తల కింద మడుచుకునే సూదిముక్కే ఆయుధం. టీ దోమ దాన్ని లేత చిగురులో దించి రసం పీలుస్తుంది, చిగురు నల్లబడి ఎండిపోతుంది. మిరిడ్ నల్లి అదే సూదిని, వరి ఆకు తొడుగులో సుడిదోమ దాచిపెట్టిన గుడ్డులోకి దించి లోపలిదంతా పీల్చేస్తుంది. ఇంత మేలు చేసేదాన్ని నల్లి అని, చెట్టును ఎండబెట్టేదాన్ని దోమ అని పిలుస్తున్నాం.

మిరిడ్ నల్లికి నాకు తోచిన మాట వేటనల్లి. "వేట" అని ముందుంటే మందు డబ్బా మూత తీసే చేయి ఒక్క క్షణమైనా ఆగుతుందని నా ఆశ. మీ ఊళ్లో రైతులు దీన్ని ఇప్పటికే వేరే పేరుతో పిలుస్తుంటే, జిల్లా పేరుతో సహా రాయండి. ఆ మాటే వాడదాం.