విండోస్ 11 వేయించాక సీ, డీ డ్రైవులకు తాళం గుర్తు వచ్చింది: ఎన్‌క్రిప్షన్ తీసేయవచ్చా?

ప్రశ్న: బ్రాడీపేట పద్దులు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో చిన్న వ్యాపారులకు జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పని చేస్తుంటాను. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విజయవాడలో ఒక దుకాణంలో ఇచ్చి నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 హోమ్ వేయించాను. వారు సీ డ్రైవును పూర్తిగా చెరిపి కొత్తగా వేశారు, డీ డ్రైవులో ఉన్న క్లయింట్ల ఫైళ్లనూ ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటానూ మాత్రం కదపలేదు.

ఇంటికి తెచ్చి చూస్తే రెండు డ్రైవుల బొమ్మల మీదా తెరిచి ఉన్న తాళం గుర్తు కనబడుతోంది. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కు మీది డేటాను కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. దాన్ని పెట్టమని నేను అడగలేదు, దుకాణం వారేమో తామూ పెట్టలేదని అంటున్నారు. దీనికి తోడు, సెటప్ చేసేటప్పుడు నా మెయిల్ ఐడీ అడగకుండా, వచ్చిన మెషీన్లన్నిటికీ తాము వాడే ఒక మైక్రోసాఫ్ట్ అకౌంటుతోనే సైన్ ఇన్ చేసి ఇచ్చారు.

ఏదో ఒక రోజు ఉదయం మెషీన్ ఆన్ చేయగానే నీలం తెర వచ్చి, ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ అడుగుతుందేమోనన్నది నా భయం. ఆ కీ నా దగ్గర లేదు. అది లేకుండా ఎన్‌క్రిప్షన్ ఆపడం సాధ్యమేనా? ఆపితే డీ డ్రైవులోని డేటాకు ఏమైనా అవుతుందా? ట్యాలీ తెరుచుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతోంది, అది కూడా దీనివల్లేనా? 11వ తేదీన జీఎస్టీఆర్-1, 20వ తేదీన జీఎస్టీఆర్-3బీ రిటర్నుల గడువులు ఉన్నాయి కనుక ఈలోగా మెషీన్ ఆగిపోతే నాకు దారి లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: గవర్నర్‌పేట సర్వీస్, విజయవాడ

దుకాణం వారు తాము పెట్టలేదనడం నిజమే అయి ఉంటుందండీ. ఉన్న విండోస్ మీదనే అప్‌డేట్ ద్వారా పై వెర్షన్‌కు వెళితే, అంతకుముందు లేని ఎన్‌క్రిప్షన్ సాధారణంగా కొత్తగా మొదలుకాదు. డిస్కు చెరిపి కొత్తగా వేసినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ వారు ఇందుకు కావలసిన హార్డ్‌వేర్ షరతులను బాగా సడలించారు కాబట్టి, టీపీఎం (తాళం వివరాలను భద్రపరిచే) చిప్, సెక్యూర్ బూట్ (నమ్మకమైన ప్రోగ్రాంతోనే మెషీన్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు) ఉన్న మెషీన్లలో, హోమ్ ఎడిషన్ అయినా సరే, ఎవరూ ఏ బటనూ నొక్కకుండానే ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. సీ ఒక్కటే కాదు, లోపల ఉన్న ఇతర డ్రైవులు కూడా అందులోకి వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైన్ ఇన్ అయ్యాక రికవరీ కీ ఆ అకౌంటులోకి చేరి, రక్షణ పూర్తిగా అమల్లోకి వస్తుంది. మీ కీ మీ దగ్గర లేకపోవడానికి కారణం ఇదే. అది దుకాణం వారి అకౌంటులో ఉండి ఉంటుంది.

ఇక మీ సందేహాలకు వస్తాను. మెషీన్ మామూలుగా తెరుచుకుంటున్నంత కాలం, అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉన్న యూజర్‌గా మీరు లోపల ఉన్నప్పుడు, ఎన్‌క్రిప్షన్ ఆపడానికి రికవరీ కీతో పని లేదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే చోట ఆఫ్ చేస్తే చాలు, డిస్కు మీది డేటాను విండోస్ తనంతట తానే మామూలు రూపంలోకి మార్చుకుంటూ పోతుంది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ సమయంలో మీ పని మీరు చేసుకోవచ్చు, మధ్యలో షట్‌డౌన్ చేసినా మళ్లీ ఆన్ చేశాక ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది. ఎస్ఎస్‌డీ అయితే చాలావరకు ఒక పూటలో తేలిపోతుంది కానీ, తిరిగే హార్డ్ డిస్కు అయితే రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు. చార్జర్ పెట్టి ఉంచండి. అన్నిటికంటే ముందు డీ డ్రైవు మొత్తాన్ని ఒక బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఇది ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేకున్నా మీ వృత్తిలో తప్పని పని.

ట్యాలీ విషయంలో ఒక్కటి చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మేనేజ్-బీడీఈ (manage-bde) ఆదేశాన్ని స్టేటస్ (-status) అడుగుతూ నడిపితే, ఒక్కొక్క డ్రైవు ఎంత శాతం ఎన్‌క్రిప్ట్ అయిందో చూపిస్తుంది. నూటికి నూరు కాకుండా మధ్యలో ఉంటే ఆ పని ఇంకా నడుస్తోందని అర్థం, ట్యాలీ మందగించడానికి అది చాలు. ఇప్పటి ప్రాసెసర్లలో ఈ లెక్కలు చేయడానికి విడిగా ఏర్పాటు ఉంటుంది గనుక, పని పూర్తయ్యాక ఓచర్లు ఎక్కించేవారికి తేడా తెలియనంత తక్కువగానే ఉంటుంది.

జవాబు: సింగ్ నగర్, విజయవాడ

నా సలహా సూటిగా ఒకటే: తీసేయండి, మళ్లీ పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా ప్రాంతమంతా మునిగినప్పుడు కంప్యూటర్లు ఎలా పోయాయో మేము చూశాం. మదర్‌బోర్డు పాడైన మెషీన్లలో కూడా కొన్నిటి డిస్కులు బాగానే ఉన్నాయి. వాటిని విప్పి, తుడిచి, ఆరబెట్టి వేరే మెషీన్‌కు తగిలిస్తే ఫొటోలూ లెక్కలూ వచ్చేశాయి. అదే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, దాన్ని తెరిచే ఏర్పాటు చచ్చిపోయిన బోర్డులోని టీపీఎంతోనే పోతుంది కనుక, ఆ 48 అంకెలు లేకుండా ఎంత పెద్ద రికవరీ నిపుణుడైనా ఏమీ చేయలేడు. మీ విషయంలో ఆ అంకెలు ఎవరి దగ్గరో ఉన్నాయి. వారు ఆ మెయిల్ ఐడీ పాస్‌వర్డు మరచిపోయినా, దుకాణం మూసేసినా, మీ క్లయింట్ల లెక్కలకు దిక్కెవరు?

జవాబు: అరండల్‌పేట ఆడిట్ ఆఫీసు, గుంటూరు

పైన సింగ్ నగర్ గారు చెప్పిన బాధ నిజమైనదే కానీ, దానికి మందు కీని చేతిలో ఉంచుకోవడం, బయట మరో కాపీ పెట్టుకోవడం. అవి రెండూ ఉంటే బోర్డు పోయినా డేటా పోదు. ప్రశ్న అడిగిన వారి ల్యాప్‌టాప్‌లో వందలమంది పాన్ కార్డులు, ఆధార్ ప్రతులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బహుశా డిజిటల్ సంతకాల పాస్‌వర్డులు రాసుకున్న ఎక్సెల్ షీటు కూడా ఉంటాయి (మన వృత్తిలో ఆ షీటు లేని ఆఫీసు నాకు ఇంతవరకు కనబడలేదు). ఆ మెషీన్ గుంటూరు, విజయవాడల మధ్య బస్సుల్లో తిరుగుతుంటుంది. ఎన్‌క్రిప్షన్ లేని ల్యాప్‌టాప్ సంచితో సహా పోతే, దొరికినవాడికి విండోస్ పాస్‌వర్డు అడ్డమే కాదు. డిస్కు విప్పి ఇంకో మెషీన్‌కు తగిలిస్తే అన్నీ కనబడతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మనలాంటివారి చేతిలోని వివరాలకు తగిన భద్రత కల్పించే బాధ్యతను నిర్దేశిస్తూ, దాన్ని విస్మరిస్తే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అవకాశం కల్పించింది. చిన్న ఆఫీసులకు అంత జరిమానా వేస్తారని నేను అనడం లేదు, బాధ్యత మాత్రం మనదే.

అయితే ఇది వైరస్‌ల నుంచి కాపాడదు. మీరు లాగిన్ అయి ఉండగా లోపలికి వచ్చిన రాన్‌సమ్‌వేర్‌కు (ఫైళ్లను బంధించి డబ్బు అడిగే వైరస్‌కు) మీ ఫైళ్లన్నీ మీకు కనబడినట్టే కనబడతాయి. దొంగతనం, మెషీన్ పారేసుకోవడం, రిపేరుకు ఇవ్వడం, పాత డిస్కు అమ్మడం: ఇది పనికివచ్చేది వీటికే.

కాబట్టి మీరు ఇప్పుడు ఆపవలసిందే, కానీ ఆపడం కీ చేతులు మారడం కోసం. గవర్నర్‌పేట గారు చెప్పిన పద్ధతిలో ఆఫ్ చేసి, రెండు డ్రైవులూ పూర్తిగా మామూలు స్థితికి వచ్చాయని స్టేటస్‌లో చూసుకోండి. తరువాత మీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంటును అడ్మినిస్ట్రేటర్‌గా చేర్చి, దానితో లోపలికి వచ్చి, దుకాణం వారి అకౌంటును మెషీన్ నుంచి తొలగించండి. దాని యూజర్ ఫోల్డరు కూడా దానితోనే పోతుంది కనుక, డెస్క్‌టాప్ మీద దాచుకున్నవి ముందే పక్కకు తీసుకోండి. ఆ తరువాత మళ్లీ ఆన్ చేస్తే కొత్త కీ పుట్టి మీ అకౌంటులోకి చేరుతుంది. దుకాణం వారి దగ్గర ఉన్న పాత అంకెలు ఇక ఈ డిస్కులను తెరవవు. కేవలం అకౌంటు మార్చి ఊరుకుంటే పాత కీ అలాగే పనిచేస్తుంది.

ఇదంతా 20వ తేదీ దాటాక పెట్టుకోండి.

అడిగినవారు: బ్రాడీపేట పద్దులు, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. స్టేటస్ చూస్తే సీ పూర్తయింది, డీ డ్రైవు మాత్రం ఇంకా సగంలో నడుస్తోంది. అది తిరిగే హార్డ్ డిస్కు. ట్యాలీ మందగించడానికి కారణం అక్కడే తెలిసింది. అరండల్‌పేట గారు చెప్పినట్టు 3బీలు అయ్యాకే మొదలుపెడతాను, ఈలోగా బయటి డిస్కులోకి కాపీ ఈ రాత్రే పెడతాను. రెండు సందేహాలు మిగిలాయి. దుకాణం వారు బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ ఒకటి మిగిలి ఉందని, వచ్చి చేయించుకోమని అన్నారు, వెళ్లవచ్చా? మళ్లీ ఆన్ చేశాక కీ నిజంగా నా అకౌంటులోకి వచ్చిందని ఎలా నమ్మాలి?

జవాబు: గవర్నర్‌పేట సర్వీస్, విజయవాడ

కీ మీ చేతికి వచ్చేదాకా బయాస్ జోలికి వెళ్లకండి. మీరు భయపడుతున్న నీలం తెర ఎక్కువగా వచ్చేది బయాస్ అప్‌డేట్, సెక్యూర్ బూట్ సెట్టింగు మార్పు, మదర్‌బోర్డు మార్పు జరిగినప్పుడే. టీపీఎం గుర్తుపెట్టుకున్న పరిస్థితి మారిపోయి, అది తాళం తీయడానికి నిరాకరిస్తుంది. తప్పక చేయించవలసి వస్తే, అంతకుముందు ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా తీయనక్కరలేదు, రక్షణను తాత్కాలికంగా నిలిపితే సరిపోతుంది. ప్రో ఎడిషన్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ (విండోస్‌లో ఈ ఎన్‌క్రిప్షన్ చేసే భాగం) పేజీలో సస్పెండ్ అనే వీలుంది. మీ హోమ్‌లో ఆ పేజీ ఉండదు గనుక, అదే మేనేజ్-బీడీఈతో ప్రొటెక్టర్లను (డ్రైవు తాళం తీసే ఏర్పాట్లను) డిజేబుల్ చేయాలి. ఎన్ని రీస్టార్టుల వరకు అని చెప్పకపోతే ఒక్క రీస్టార్టుతోనే రక్షణ తిరిగి వచ్చేస్తుంది. కొన్ని బయాస్ అప్‌డేట్లు రెండు మూడుసార్లు రీస్టార్ట్ చేస్తాయి కాబట్టి ఆ సంఖ్య కూడా ఇవ్వండి.

రెండో దానికి, వేరే ఫోనులో మీ మైక్రోసాఫ్ట్ అకౌంటు తెరిచి, డివైసెస్ కింద ఈ ల్యాప్‌టాప్ పేరు దగ్గర రికవరీ కీలు చూడండి. ప్రతి కీ పక్కన ఒక కీ ఐడీ ఉంటుంది. మెషీన్‌లో మేనేజ్-బీడీఈతో ఆ డ్రైవు ప్రొటెక్టర్లను చూపించమంటే వచ్చే ఐడీ, ఫోనులో కనబడే ఐడీ ఒకటే కావాలి. సీకి ఒక కీ, డీకి వేరొక కీ ఉంటాయి. చాలామంది సీ ఒక్కటి చూసుకొని ఊరుకుంటారు, మీ లెక్కలున్నది డీలో కనుక రెండూ సరిచూసి, రెండిటినీ కాగితం మీద అచ్చు తీసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా ఆఫీసు బీరువాలో పెట్టండి.