అరిగిన నాణెం మీది ముఖం ఎవరిదో ఎలా పోల్చుకోవాలి?

పెరంబూరు టీచరు

నమస్కారం. చెన్నైలో మా చుట్టుపక్కల తెలుగు పిల్లలకు ఆదివారాలు చరిత్ర చెబుతుంటాను. ఇంట్లో ఉన్న పాత నాణేలు తెమ్మంటే నాలుగు వచ్చాయి. ఒక వెండి రూపాయి మీద బట్టతల, గడ్డం ఉన్న మనిషి. 1906 అని ఉంది. ఇంకో వెండి రూపాయి మీదా గడ్డమే, కానీ తలపై కిరీటం ఉంది, సంవత్సరం అరిగిపోయింది. ఇద్దరూ ఒకరేనని, ఒకటి పట్టాభిషేకానికి ముందు, రెండోది తర్వాత అని పిల్లలు వాదిస్తున్నారు. మూడోదాని మీద ఎవరో స్త్రీ. జుట్టు ముడి తప్ప ఏమీ ఆనడం లేదు. నాలుగోది ఐదు రూపాయల బిళ్ళ, ముఖం కింద తమిళ సంతకం. దాన్ని మాత్రం పిల్లలు చూస్తూనే చెప్పేశారు, అణ్ణాదురై అని. మిగతావి ఎలా తేల్చుకోవాలి? చింతపండుతో తోమితే తెలుస్తుందని ఒక పిల్లవాడి తండ్రి అన్నారు. తోమవచ్చా?

మైలాపూరు నాణేలాయన

అమ్మా, చింతపండు వాటి దరిదాపులకు రానివ్వకండి. పులుపు పడితే వెండి మెరుస్తుంది గానీ, వందేళ్ళుగా దాని మీద ఏర్పడిన పొర పోతుంది. తోమేటప్పుడు పడ్డ గీతలు ఇక పోవు. నాణేలు సేకరించేవాళ్ళు అలాంటిదాన్ని చేతిలోకి కూడా తీసుకోరు.

ఇక ముఖాల సంగతి. అరిగిన నాణెం మీద ముక్కూ కళ్ళూ చూసి మనిషిని పోల్చాలనుకోవద్దు. ముందుగా అరిగేవి అవే. కిరీటం ఉందా, గడ్డం ఉందా, ఎటు చూస్తున్నాడు అన్నవి చూడండి. 1906 నాటి బోడితల ఏడో ఎడ్వర్డు. ఆయన రూపాయలు 1903 నుంచి 1910 వరకు వచ్చాయి. తలపై కిరీటం ఉండదు, చూపు మనకు కుడివైపు. రెండోది ఆయన కొడుకు అయిదో జార్జి: కిరీటం, గడ్డం, చూపు మనకు ఎడమవైపు. కాబట్టి పిల్లల వాదన నిలవదు, వాళ్ళు తండ్రీకొడుకులు. అయితే పోలిక పట్టుకున్న పిల్లల్ని మెచ్చుకోవాలి.

ఒక రాజు ఒకవైపు చూస్తే తర్వాతివాడు రెండోవైపు చూడడం బ్రిటిష్ నాణేల ఆనవాయితీ. విక్టోరియా ఎడమకు, ఎడ్వర్డు కుడికి, అయిదో జార్జి ఎడమకు. ఆరో జార్జి కూడా ఎడమకే చూస్తాడు. నడుమ ఎనిమిదో ఎడ్వర్డు 1936లో ఏడాది కూడా నిండకుండానే గద్దె దిగాడు, ఆయన బొమ్మతో మన దేశంలో నాణెం వెలువడలేదు. కుడివైపు వంతు ఆయనదిగా లెక్కవేశారు. ఆరో జార్జికి గడ్డం లేదు. కిరీటం ఉండి చుబుకం నున్నగా ఉన్న రాజైతే ఆయనే.

ఆ అయిదో జార్జి రూపాయిలో భుజం దగ్గర భూతద్దం పెట్టి చూడండి. రాజు వేసుకున్న ఉత్తరీయం మీద చిన్న ఏనుగు ఉంటుంది. 1911లో వేసిన రూపాయల మీద దాని తొండం మరీ పొట్టిగా చెక్కడంతో జనానికి అది పందిలా కనిపించింది. పెద్ద గొడవే అయింది. ఆ రూపాయలను చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు. 1912 నుంచి తొండం సరిచేసి వేశారు. మీదాని మీద సంవత్సరం అరిగినా ఏనుగు మిగిలి ఉంటే అదే సాక్ష్యం చెబుతుంది. పిల్లలకు ఇది తప్పకుండా చూపించండి.

బెంగళూరు సేకర్త

పెద్దాయన చెప్పినదాంట్లో ఒక్కటి ఒప్పుకోలేను. 1969లో వచ్చిన 20 పైసల బిళ్ళ మీద గాంధీగారిని ఎంత అరిగినా పోల్చలేనివారు ఎవరు? 2023లో విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం ఉంది. హైదరాబాదు టంకశాలలోనే చేశారు. పేరు చదివి ఎన్టీఆర్‌ను గుర్తుపట్టే తెలుగువాడు ఉంటాడా? మంచి శిల్పి చెక్కితే ముఖమే చాలు.

మైలాపూరు నాణేలాయన

బాబూ, వాళ్ళ ఫొటోలు మనం పుట్టినప్పటినుంచి గోడల మీద చూస్తున్నాం. ఎన్నడూ చూడని మనిషి సంగతి వేరు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. క్షహరాత వంశపు రాజు నహపాణుడివి. పేరు అన్నింటి మీదా ఒకటే, ముఖాలు మాత్రం ఒకచోట కుర్రవాడు, ఒకచోట ముసలివాడు. ఇవన్నీ ఒక్క మనిషివేనా అని పండితులే తలలు పట్టుకున్నారు. పేరు చెక్కి ఉండబట్టి గానీ లేకపోతే మనకు దిక్కేది?

వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద మన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఓడించిన రాజు ముఖం మీద చైత్యం గుర్తూ (కమానుల కొండ), ఉజ్జయిని గుర్తూ (కొసల్లో వలయాలున్న కూడలి గీతలు) పడ్డాయి. శాతవాహనులు తమ సొంత ముఖాలతో కూడా వెండి నాణేలు వేశారు. ఆ తర్వాత మన రాజులకు ఆ మోజు పోయింది. కృష్ణదేవరాయల వరహా మీద ఉన్నది బాలకృష్ణుడు, రాయలు కాదు.

టీచరుగారూ, పిల్లల్ని ఒకసారి ఎగ్మోర్ మ్యూజియంలో నాణేల విభాగానికి తీసుకెళ్ళండి. దక్షిణాదిలో దొరికిన రోమన్ చక్రవర్తుల నాణేలు అక్కడ ఉన్నాయి. ముఖం పక్కన అక్షరాలు ఎంత పనిచేస్తాయో వాళ్ళకే తెలుస్తుంది.

పెరంబూరు టీచరు

ఏనుగు కనబడింది! తొండం స్పష్టంగా ఉంది. పిల్లలు భూతద్దం కోసం కొట్టుకున్నంత పని చేశారు. ఆ స్త్రీ నాణెం మాత్రం ఇంకా తేలలేదు. కిరీటం లేదు, చూపు ఎడమకు.

మైలాపూరు నాణేలాయన

గది చీకటి చేసి, టార్చిని నాణేనికి పక్కగా, బల్లకు ఆనించి వెలిగించండి. నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉంటే అరిగిన అక్షరాల నీడలు లేస్తాయి. కిరీటం లేదంటే 1862కు ముందు అచ్చుతో వేసిన విక్టోరియా రూపాయి అయి ఉండాలి, వెనక 1840 ఉంటుంది. 1862 నుంచి కిరీటం వచ్చింది, 1877 నుంచి ‘క్వీన్’ పోయి ‘ఎంప్రెస్’ వచ్చింది.

1840 అయితే ఇంకొకటి చూడండి. ‘విక్టోరియా క్వీన్’ అన్న అక్షరాలు తల మీదుగా ఒకే వరుసలో సాగితే అది మొదటి రకం. తల అడ్డొచ్చి, పేరు ఒకవైపు, ‘క్వీన్’ ఇంకొకవైపు ఉంటే తర్వాతి రకం. ఏ సంవత్సరంలో వేసినా రెండింటి మీదా 1840 అనే ఉంచారు. మీది ఏ రకమో చూసి రాయండి.