లండన్‌లో పాత గ్రౌండ్లు ఇప్పుడు ఏమయ్యాయో చూడాలని ఉంది, ఎక్కడెక్కడికి వెళ్లొచ్చు?

రేపల్లె_ప్యాసింజర్:

అందరికీ నమస్తే. జూన్‌లో నేనూ మా ఆవిడా లండన్ వస్తున్నాం, మా అబ్బాయి ఈస్ట్ హామ్‌లో ఉంటాడు, మూడు వారాలు ఉంటాం. లార్డ్స్ క్రికెట్ గ్రౌండ్ టూర్ టికెట్లు వాడే తీసేశాడు, అది సరే. నేనడిగేది వేరే. ఇప్పుడు ఆటలు జరగని గ్రౌండ్లు, కూలగొట్టేసి అపార్ట్‌మెంట్లు గానీ షాపింగ్ మాల్ గానీ కట్టేసినవి, అవి చూడాలని ఉంది నాకు.

ఇది ఎలా మొదలైందంటే, నాలుగేళ్ల కింద ముంబైలో పెళ్లికి వెళ్లినప్పుడు ఆజాద్ మైదాన్ పక్కన బాంబే జింఖానా కంచె పట్టుకుని గంటసేపు నిలబడిపోయాను. 1933 డిసెంబర్‌లో మన గడ్డ మీద మొదటి టెస్ట్ జరిగింది అక్కడే, సి.కె. నాయుడు కెప్టెన్, లాలా అమర్‌నాథ్ 118 కొట్టిందీ అందులోనే, ఆ తర్వాత అక్కడ ఇంకో టెస్ట్ లేదు. అంతకు ఏడేళ్ల ముందు 1926లో అదే గ్రౌండ్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. టీమ్ మీద నాయుడుగారు 153 కొట్టారు, అందులో 11 సిక్సులు. మా నాన్న ఆ ఇన్నింగ్స్‌ని కళ్లారా చూసినట్టే చెప్పేవాడు, నిజానికి అప్పటికి ఆయన పుట్టనే లేదు. ఆ సిక్సులు ఏ వైపు పడి ఉంటాయా అని చూస్తూ నిలబడ్డాను.

జింఖానాలో గడ్డి ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. గ్రౌండే లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, గుర్తు ఏమన్నా ఉంటుందా, లోపలికి పోనిస్తారా? మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడక కుదరదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఈస్ట్‌హామ్‌వాసి:

అంకుల్, మీరు మీ అబ్బాయి ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు. ఈస్ట్ హామ్ తర్వాత స్టేషనే అప్టన్ పార్క్. వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్లు 1904 నుంచి 2016 దాకా ఆడింది అక్కడే, ఇప్పుడు మొత్తం ఫ్లాట్లు. గ్రీన్ స్ట్రీట్ బార్కింగ్ రోడ్ కలిసే మూల మీద 1966 వరల్డ్ కప్ పట్టుకున్న బాబీ మూర్‌ని మిగతావాళ్లు భుజాల మీద ఎత్తుకున్న పెద్ద విగ్రహం ఉంటుంది, దాన్ని పట్టుకుంటే స్టేడియం ఎటు ఉండేదో అర్థమైపోతుంది. గ్రీన్ స్ట్రీట్ నిండా చీరల షాపులూ కూరగాయల షాపులే కాబట్టి ఆంటీగారికి కూడా కాలక్షేపం.

రెండోది డోర్సెట్ స్క్వేర్, మ్యారిల్‌బోన్ స్టేషన్ పక్కనే. మీరు టూర్‌కి వెళ్లే లార్డ్స్ మూడో లార్డ్స్ అంకుల్! థామస్ లార్డ్ 1787లో మొదలుపెట్టిన అసలు గ్రౌండ్ ఈ డోర్సెట్ స్క్వేరే. తర్వాత ఇంకో చోటికి మార్చాడు, అక్కడ రీజెంట్స్ కాలువ తవ్వాల్సి వచ్చి మళ్లీ ఖాళీ చేశాడు, 1814లో ఇప్పుడున్న చోటికి వచ్చాడు. మారిన ప్రతిసారీ గ్రౌండ్‌లో పచ్చిక కూడా పెకలించి తీసుకెళ్లి పరిపించాడంటారు. డోర్సెట్ స్క్వేర్ ఇప్పుడు చుట్టుపక్కల ఇళ్లవాళ్ల తోట, గేటుకి తాళం ఉంటుంది, లోపల చిన్న షెడ్డు గోడకి లార్డ్ పేరుతో ఫలకం ఉంటుంది. టూర్ రోజు పొద్దున్నే ఇది చూసుకుని అటు వెళ్లండి, వరస కుదురుతుంది.

ఇక హైబరీ, ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ పాత గ్రౌండ్. ఆర్సెనల్ స్టేషన్‌లో దిగితే ప్లాట్‌ఫామ్ గోడ పలకల మీద గిల్లెస్పీ రోడ్ అనే ఉంటుంది, అది పాత పేరు, 1932లో క్లబ్ పేరు పెట్టారు. బయటికొచ్చి ఎవెనెల్ రోడ్‌లోకి తిరిగితే ఈస్ట్ స్టాండ్ ముందు గోడ అలాగే ఉంది, కూల్చకూడని కట్టడం కింద కాపాడారు. 1913 నుంచి 2006 దాకా ఆడిన పిచ్ ఇప్పుడు ఫ్లాట్ల మధ్య తోట, స్టాండ్లలోనే ఇళ్లు కట్టారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరో బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారు, అక్కడ కూర్చుని మ్యాచ్ చూసినవాళ్లు ఎంతమందో అనుకుంటే ఒళ్లు జలదరించింది. జనం ఉండే ఇళ్లు కదా, గేటు బయట నుంచి చూడ్డమే పద్ధతి. స్టేషన్ బయటికి పొడుగాటి ఏటవాలు దారి ఉంటుంది, ఆంటీగారిని నిదానంగా నడవమనండి.

పాతమ్యాపులు:

పై తమ్ముడు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ వైట్ సిటీ ఎలా వదిలేశాడో! నన్నడిగితే అన్నిటికన్నా ముందు అదే. ఈస్ట్ హామ్ నుంచి హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ ఎక్కితే రైలు మారకుండా వుడ్ లేన్‌లో దిగొచ్చు. 1908 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం అది. మారథాన్ విండ్సర్ కోట దగ్గర మొదలై ఇక్కడ రాజుగారి బాక్స్ ముందు అయిపోవాలి కాబట్టి దూరం 26 మైళ్ల 385 గజాలు అయ్యింది, ఇప్పుడు హైదరాబాద్‌లో మనవాళ్లు పరుగెత్తే 42.195 కిలోమీటర్లు కూడా ఆ లెక్కే. ఇటలీ అతను డొరాండో పియత్రి ఇక్కడే చివరి చుట్టులో పడుతూ లేస్తూ వస్తే పాపం జనం చేతులు పట్టి గీత దాటించారు, సాయం తీసుకున్నాడని గెలుపు రద్దు చేశారు. 1985లో స్టేడియం కూలగొట్టారు, తర్వాత బీబీసీ ఆఫీసులు వచ్చాయి. కానీ ఆ ఫినిష్ లైన్ ఎక్కడుండేదో నేల మీద గుర్తు వేసి ఉంచారు! ఆఫీసువాళ్లు కాఫీ కప్పులతో దాని మీదుగా నడిచి పోతుంటారు, నేను మాత్రం కాసేపు పక్కన నిలబడి చూశాను.

క్రికెట్ అంటున్నారు కాబట్టి ఒకరోజు తీరిక ఉంటే హేస్టింగ్స్ వెళ్లండి, ఛారింగ్ క్రాస్ నుంచి రైల్లో గంటన్నర పైనే. ఊరి నడిబొడ్డున వందేళ్ల పైన క్రికెట్ ఆడిన గ్రౌండ్ ఉండేది, 1948లో బ్రాడ్‌మన్ టీమ్ కూడా వచ్చి ఆడింది. 1989లో ఆపేసి షాపింగ్ సెంటర్ కట్టారు. లోపల బ్యాట్ ఊపుతున్న ఆటగాడి విగ్రహం ఒకటి పెట్టారు. నాకు అది చూస్తే సంతోషం కన్నా బాధే ఎక్కువైంది, కానీ చూడాలి.

ఇంకోటి, వెళ్లేముందు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ల సైట్‌లో పాత మ్యాపులు చూడండి, ఫ్రీనే. వందేళ్ల కిందటి మ్యాపు ఒకపక్క, ఇప్పటి శాటిలైట్ ఫోటో ఒకపక్క పెట్టి చూపిస్తుంది. గ్రౌండ్ పోయినా చుట్టూ వీధులు ఉంటాయి, వీధి వంపుని బట్టి బౌండరీ ఎక్కడుందో దొరికిపోతుంది.

టొరంటో_చలి:

లండన్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇక్కడ మేపుల్ లీఫ్ గార్డెన్స్ అని 1931లో కట్టిన ఐస్ హాకీ అరీనా ఉంది, 1999 దాకా ఇక్కడి టీమ్ మేపుల్ లీఫ్స్ ఆడారు, 1966లో మహమ్మద్ అలీకీ షువాలోకీ జరిగిన బాక్సింగ్ ఫైట్ కూడా అందులోనే. ఇప్పుడు కింద సూపర్ మార్కెట్, పైన యూనివర్సిటీ వాళ్ల స్పోర్ట్స్ సెంటర్. సరుకుల వరసల మధ్య నేల మీద ఎర్ర చుక్క ఉంటుంది, మంచు మైదానం సరిగ్గా నడిమధ్య అక్కడన్నమాట. నేను పాలు కొనుక్కోవడానికి వెళ్లినప్పుడల్లా దాని మీదుగానే వెళ్తాను.

అమెరికాలో ఉన్నవాళ్లు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి ఎలాగూ వెళ్తారు కదా, దర్శనం అయ్యాక యూనివర్సిటీ వైపు వెళ్లండి, 1970 దాకా ఆడిన ఫోర్బ్స్ ఫీల్డ్ బేస్‌బాల్ గ్రౌండ్ ఇటుక గోడ ముక్క ఇంకా నిలబడే ఉంది. బ్యాటర్ నిలబడే చోట నేలలో ఉండే పలక, హోమ్ ప్లేట్ అంటారు, దాన్ని క్లాసులు జరిగే పోస్వార్ హాల్ నేలలో అద్దం కింద పెట్టారు. ఏటా అక్టోబర్ 13న ముసలివాళ్లు ఆ గోడ దగ్గర చేరి 1960లో అదే రోజు అక్కడ జరిగిన ఫైనల్ రేడియో కామెంటరీ పెట్టుకుని వింటారు.

నాంపల్లి_బస్టాప్:

అన్నా లండన్ పోతున్నరు మంచిదే గానీ మన ఫతే మైదాన్, గదే ఎల్.బి. స్టేడియం, సంగతి ఎవ్వరు మాట్లాడరేంది? 1955ల న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 కొట్టింది ఈడనే, టెస్టుల మనోళ్లు కొట్టిన మొదటి డబుల్ సెంచరీ అది. 1999 నవంబర్‌ల వన్డేల సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరు కలిసి 331. ఆ దినం నేను స్టాండ్‌ల ఉన్న, గొంతు పోయింది, రెండు దినాలు మాట రాలే. ఉప్పల్ వచ్చినంక పెద్ద మ్యాచ్‌లు అటు పోయినయ్. ఇప్పుడు ఎల్.బి. స్టేడియం అంటే పిల్లలకు మీటింగులు, ప్రమాణ స్వీకారాలే యాదికొస్తయి, 2004ల వై.ఎస్.ది, 2023ల రేవంత్ రెడ్డిది ఈడనే అయినయ్. స్టేడియం కూలిపోలే, నిలబడే ఉంది, గందుకే ఎవ్వరు పట్టించుకోరు. ఫ్లైట్ ఎక్కేముందు బషీర్‌బాగ్ దిక్కు ఒకసారి రాండ్రి, నేను తోల్కపోత.

రేపల్లె_ప్యాసింజర్:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. లండన్ వచ్చి పదిరోజులైంది. నాంపల్లి తమ్ముడూ, ఎయిర్‌పోర్ట్ హడావుడిలో బషీర్‌బాగ్ కుదర్లేదు, తిరిగొచ్చాక తప్పకుండా ఫోన్ చేస్తాను.

నిన్న డోర్సెట్ స్క్వేర్‌కి వెళ్లాం. కంచె బయటే నిలబడ్డాం, పక్షుల చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆవిడ ఆ తోట చూసి ఇంత చిన్న జాగాలో క్రికెట్ ఎలా ఆడారండీ అంది. నిజమే, మా ఊరి హైస్కూల్ గ్రౌండే దీనికన్నా పెద్దది. మధ్యాహ్నం లార్డ్స్‌లో గైడ్ 1932లో మన మొదటి టెస్ట్ గురించి, నాయుడుగారి గురించి చెప్తుంటే నేను గడ్డి వైపే చూస్తున్నాను, పొద్దున చూసిన చోటి నుంచి మోసుకొచ్చిన పచ్చిక కదా మొదట పరిచింది అని. వైట్ సిటీ గీత మీద మా అబ్బాయి నాకు ఫోటో తీశాడు, వాడు రెండేళ్లుగా ఆ పక్కనే ఆఫీసుకి పోతున్నాడట, ఎప్పుడూ కింద చూడలేదన్నాడు.

వచ్చే శనివారం హేస్టింగ్స్ అనుకుంటున్నాం. ఆ షాపింగ్ సెంటర్ స్టేషన్‌కి దగ్గరేనా, మోకాళ్ల నొప్పులున్న మనిషి నడవగలదా, లేక ట్యాక్సీ మాట్లాడుకోవాలా?

పాతమ్యాపులు:

దగ్గరేనండీ, కొన్ని నిమిషాల నడకే, ట్యాక్సీ అక్కర్లేదు. విగ్రహం దగ్గర మీ ఇద్దరి ఫోటో ఇక్కడ పెట్టండి.