“శాస్త్రంబులు నే”: ఆ ‘నే’ ఏ పాదానిది? (ఈ ఏడాది నా చదువు కబుర్లతో సహా)

అందరికీ నమస్కారం అండి. ఏడాది ఆఖరు కదా, అందరూ చదివిన పుస్తకాల లిస్టులు రాస్తున్నారు. నాకు మాత్రం ఈసారి ఒక పద్యం గురించి, అందులోనూ ఒక్క అక్షరం గురించి అడగాలనుంది. లిస్టు రాద్దామని కూర్చుంటే కూడా చివరికి ఆ పద్యం దగ్గరికే వస్తున్నా, అందుకని రెండూ కలిపే రాసేస్తున్నా, పొడుగైతే ఓపిగ్గా చదవండి.

పద్యం మీ అందరికీ వచ్చిందే. పోతన భాగవతం, సప్తమ స్కంధం, ప్రహ్లాదుడు హిరణ్యకశిపుడితో అంటాడు:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నే
చదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ!

రెండో పాదం చివర ‘నే’ ఉంది చూడండి. అది వెనక్కి పోతుందా, ముందుకు పోతుందా? వెనక్కి పోతే “చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నే”, అంటే శాస్త్రాలు చదివాను నేను, అక్కడితో వాక్యం అయిపోయింది. ముందుకు పోతే “నే చదివినవి గలవు పెక్కులు”, నేను చదివినవి చాలా ఉన్నాయి అని కొత్త వాక్యం మొదలు. స్కూల్లో బట్టీ పట్టినప్పుడు ఇది ఎవరికీ పట్టలేదు, పాదం అయిపోతే ఆగడం, మళ్ళీ మొదలెట్టడం అంతే. కళ్ళతో చదువుకున్నంత కాలం కూడా పట్టదు, ఎందుకంటే కంటికి ఆగాల్సిన పని లేదు, రెండు అర్థాలూ కలిపి జారిపోతుంది. పైకి చదివినప్పుడు మాత్రం ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నోరు తేల్చుకోవాల్సిందే.

నేను పైకి చదవడం ఎందుకు మొదలైందో చెప్తా. నిరుడు చివర్లో నాన్నకి రెండు కళ్ళలోనూ రెటీనా మధ్యభాగం దెబ్బతింది. మనిషి వస్తే పక్కచూపుతో గుర్తుపడతారు, గుమ్మం తెలుస్తుంది, బల్ల మీద గ్లాసు తెలుస్తుంది, కానీ అక్షరం మీద చూపు నిలిపితే సరిగ్గా ఆ అక్షరమే ఉండదు, చుట్టూ ఉన్నవి ఉంటాయి. భూతద్దం పెట్టుకుని కొన్నాళ్ళు చూశారు, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని స్క్రీన్‌కి నాలుగే మాటలు పట్టేలా పెట్టుకుని కొన్నాళ్ళు చూశారు. జీవితమంతా పుస్తకం లేకుండా పడుకోని మనిషి. ఒకరోజు పుస్తకం నా చేతికిచ్చి “కాస్త చదివిపెట్టు తల్లీ” అన్నారు.

అప్పట్నుంచి నా చెవి ఈ క్రియ చుట్టూనే ఉంది. చదవడం వేరు, చదువుకోవడం వేరు, చదివిపెట్టడం వేరు. ‘కొను’ చేరితే పని ఫలం మనకి, ‘పెట్టు’ చేరితే ఫలం ఎదుటివాళ్ళకి, ఇది మనం ఎవరూ నేర్పకుండానే రోజంతా వాడేస్తాం: రాసుకో, రాసిపెట్టు, చూసుకో, చూసిపెట్టు. చదువుకున్నవాడు అంటే విద్యావంతుడు, చదివినవాడు అంటే ఫలానా పుస్తకం చదివినవాడు, ఒక్క ‘కు’ తేడా. ఇక చదివించడం అంటే స్కూలుకీ కాలేజీకీ పంపి ఫీజులు కట్టడం కూడా, ఎదురుగా కూర్చోబెట్టి పాఠం పైకి చదివించడం కూడా. నాన్న నవ్వుతూ అన్నారు, “అప్పుడు నిన్ను చదివించాను, ఇప్పుడు నీ చేత చదివించుకుంటున్నాను” అని. ఆ వాక్యం నాకు ఈ ఏడాది విన్న తెలుగంతటిలోకీ ఇష్టమైంది. ‘ఇంచు’ మీద ‘కొను’ ఎక్కితే అర్థం అలా తిరగబడటం ఎంత బావుంటుందో చూడండి.

మొదట్లో చదివినవన్నీ తప్పనిసరి చదువులే. టెస్టుల రిపోర్టులు, మందుల డబ్బాల మీద చీమల్లాంటి అక్షరాలు, ఇన్సూరెన్స్ షరతులు, బ్యాంకు ఉత్తరాలు, దీనికి తోడు ఆఫీసులో కొత్త బాధ్యత ఇచ్చి ఒక పరీక్ష రాయమన్నారు, రాత్రి నాన్న పడుకున్నాక దానికి చదవడం. అన్నీ ‘చదివించిరి నను’ బాపతే. ఎవరో చదవమంటే చదివినవి. నా కోసం పెట్టుకున్న నవలలు సగం సగం పేజీల దగ్గర బుక్‌మార్కులతో అలాగే ఉండిపోయాయి, వాటి కోసం చాలా బెంగపడ్డాను, అది దాచడం ఎందుకు. ఇంట్లో మనిషిని చూసుకుంటూ, ఉద్యోగం చేస్తూ, పుస్తకం పట్టుకుంటే రెండో పేజీకే నిద్ర వచ్చే రోజులు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి.

వేసవి తర్వాత నాన్న భాగవతం తెమ్మన్నారు. మొత్తం పన్నెండు స్కంధాలు కదా, ఒకటోది నుంచి వరసగా వద్దు, ఏడు నుంచి మొదలెట్టు అన్నారు. ఆ మధ్యలో ఐదు గంగన రాసింది, ఆరు సింగన రాసింది, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయవి, పోతన గొంతు చెవిలో కుదురుకున్నాక వాటికి వెళ్దాం అని ఆయన లెక్క. రోజూ రాత్రి అన్నాలయ్యాక కొన్ని పద్యాలు చదవడం, కుదరని రోజు లేకపోలేదు, కుదిరిన రోజే ఎక్కువ. అక్కడే ఈ ‘నే’ దగ్గర ఇద్దరికీ పడలేదు.

నాన్న వాదన ఏంటంటే, ఈ పద్యం కందం, కందంలో రెండో పాదం చివర గురువు (అంటే సాగదీసి పలికే అక్షరం) పడాలి, ఆ గురువే ఈ ‘నే’, అక్కడ పద్యం సగానికి వచ్చినట్టు, ఊపిరి అక్కడే. పైగా మొదటి పాదంలో ‘నను’, రెండో పాదంలో ‘నే’: వాళ్ళు నన్ను చదివించారు, నేను చదివాను, లెక్క సరి. వినడానికి కూడా అదే హాయిగా ఉంటుంది, కాదనను.

నా వాదన వేరు. ‘నే’ని మూడో పాదానికి ఇచ్చి చూడండి. గురువులు చదివించారు, ధర్మార్థాలు మొదలైన శాస్త్రాలు చదివాను. అది సిలబస్. ఆ తర్వాత ‘నే చదివినవి గలవు పెక్కులు’, అంటే వాళ్ళు చదివించినవి కాక నా అంతట నేను చదివినవి ఇంకా చాలా ఉన్నాయి. అప్పుడు మూడో పాదం ఉత్త లెక్క చెప్పినట్టు కాక, పిల్లాడు మెల్లగా గురువుల చేతిలోంచి బయటికి అడుగు వేస్తున్నట్టు వినిపిస్తుంది. నాలుగో పాదంలో ‘మర్మమెల్ల’ అనడానికి అది మెట్టు. వెంటనే తర్వాతి పద్యంలోనే తొమ్మిది భక్తిమార్గాలు చెప్పేస్తాడు, అవి వాడి గురువులు చండామార్కులు నేర్పినవి కావు కదా. ‘నే’ రెండో పాదానికే అంటిపెట్టుకుంటే ఈ మెట్టు పోతుంది అని నాకు అనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఈ పద్యం పోతన సొంతం. సంస్కృత భాగవతంలో తండ్రి “ప్రహ్రాదానూచ్యతాం తాత స్వధీతం కించిదుత్తమమ్” (బాగా నేర్చుకున్న మంచి మాట ఏదైనా చెప్పు నాయనా) అని అడగ్గానే పిల్లాడు నేరుగా “శ్రవణం కీర్తనం విష్ణోః” అని మొదలెడతాడు. మధ్యలో ఈ చదువు ముచ్చట లేదు. అక్కడ తండ్రి కొడుకుని ‘తాత’ అన్నాడు చూశారా, సంస్కృతంలో ఆ మాట తండ్రికీ వాడతారు, ముద్దుగా కొడుక్కీ వాడతారు. పోతన దాన్ని తెలుగులో ఎంత చక్కగా పట్టుకున్నాడో తెలియాలంటే, పిల్లాణ్ణి బడికి పంపేటప్పుడు హిరణ్యకశిపుడు చెప్పిన పద్యం దీని పక్కన పెట్టండి:

చదువనివాఁ డజ్ఞుండగు
చదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

రెండూ కందాలే, రెండిట్లోనూ నాలుగు పాదాలూ చదువుతోనే మొదలు, రెండూ ‘తండ్రీ’తో ముగింపు. అక్కడ తండ్రి కొడుకుని తండ్రీ అన్నాడు, ఇక్కడ కొడుకు తండ్రిని తండ్రీ అన్నాడు. పంపినప్పుడు ‘చదివించెద’, తిరిగొచ్చాక ‘చదివించిరి’. ఒకటి ప్రశ్న అయితే ఇంకోటి దానికి జవాబు. ఇన్నేళ్ళూ రెండూ విడివిడిగా వచ్చు నాకు. ఒకే రాత్రి వరసలో పైకి చదివితేనే ఈ జంట వినపడింది, నాన్నని ‘మళ్ళీ వినండి’ అని రెండూ మళ్ళీ చదివాను. నన్ను ఆయన తల్లీ అని పిలిచే మనిషి కాబట్టి ఆ పిలుపు దగ్గర ఇద్దరం కాసేపు ఆగాం.

*

కింద కామెంట్లలో వచ్చిన ప్రశ్నలకి ఇక్కడే రాస్తున్నా.

ఒకరు అడిగారు, “మా పుస్తకంలో ‘నేఁ / జదివినవి’ అని ఉంది, చ కి జ వచ్చిందంటే సంధి కలిసినట్టే కదా, కాబట్టి ‘నే’ మూడో పాదానిదే, మీరే గెలిచారు” అని. అవునండి, ద్రుతం (అంటే మాట చివర వచ్చే న-కారం) పట్టి రాస్తే నేఁ జదివినవి అనే ఉంటుంది, నోటితో చెప్పేటప్పుడు చాలామంది చదివినవి అనేస్తారు. కానీ నా వైపు వాదనే అయినా ఈ సాక్ష్యం నిలవదు. పైన రెండో పద్యం చూడండి, “చతురత గలుగుం” దగ్గర వాక్యం పూర్తిగా అయిపోయింది, అయినా తర్వాతి పాదం “జదువఁగ” అనే మొదలైంది. “జనులకుఁ / జదివించెద” కూడా అంతే. పద్యంలో సంధి వాక్యం అయిపోయిందా లేదా అని చూడదు, ముందు మాట చివర ద్రుతం ఉంటే చాలు. కాబట్టి జ ని బట్టి ఏదీ తేలదు.

ఇంకొకరు “మొదటి నుంచీ చదువు అంటే పైకి చదవడమేనా, లేక మనసులో చదువుకోవడం కూడానా” అన్నారు. పాత సంగతి పూర్తిగా చెప్పేంత చదువు నాది కాదు కానీ, ఇవాళ్టి మాటల్లోనే చూడండి: మంత్రాలు చదివాడు, తిట్ల దండకం చదివాడు, పద్యం చదివి దిగాడు. వీటిలో దేనికీ ఎదురుగా కాగితం అక్కర్లేదు, గొంతు చాలు. చూపు లేని మనిషి కూడా పద్యం చదువుతాడు, మా నాన్న రోజూ చదువుతున్నారు, నేను మొదటి పాదం అందుకుంటే మిగిలిన మూడూ ఆయనవే.

“మరి మీ ఏడాది లిస్టు ఏది” అని అడిగినవారికి: సప్తమ స్కంధం పూర్తయింది, అష్టమంలో ఉన్నాం, నవలలు రెండు మాత్రం నాకోసం నేను పూర్తి చేశాను, ఆఫీసు పరీక్ష పాసయ్యాను. పేజీల లెక్కన నాకు గుర్తున్నంతలో చాలా తక్కువ చదివిన ఏడాది ఇది. కానీ చదివిన ప్రతి మాటా నోట్లోంచి బయటికి రావాల్సి వచ్చింది కాబట్టి ఏ సమాసాన్నీ దాటేసి పోలేదు. “జనకులకుం గర్ణయుగళ” అని వస్తే అది గర్ణం కాదు కర్ణం, తండ్రుల రెండు చెవులు, అని విడదీసుకున్నాకే గొంతు ముందుకి కదిలింది. అది కూడా ఆ ఘట్టంలోదే, కొంచెం ముందు హిరణ్యకశిపుడే అంటాడు:

అనుదిన సంతోషణములు
జనితశ్రమతాప దుఃఖ సంశోషణముల్
తనయుల సంభాషణములు
జనకులకుం గర్ణయుగళ సద్భూషణముల్

పిల్లల మాటలు తండ్రుల చెవులకి నగలట, రోజూ సంతోషం ఇస్తాయి, అలసటా తాపమూ దుఃఖమూ ఆరబెట్టేస్తాయి. కొడుకుని ఏనుగులతో తొక్కించబోయే మనిషి నోట ఇంత మెత్తని పద్యం పెట్టాడు పోతన. నాన్న దీన్ని వారానికి ఒక్కసారైనా అడుగుతారు. “సంశోషణముల్” దగ్గర ఆయనే గొంతు కలుపుతారు.

ఇక ‘నే’ సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు. ఆయన వింటున్నప్పుడు ఆయన చెప్పినట్టే పాదం చివర ఆగుతున్నా, మా వాడికి నేర్పేటప్పుడు మాత్రం ‘శాస్త్రంబులు’ దగ్గర ఆపి ‘నే’ని కింది పాదంతో కలుపుతున్నా. మీరు ఎలా చదువుతారో, మీకు నేర్పినవాళ్ళు ఎక్కడ ఆపేవారో చెప్పండి. అలాగే ఇలా పాదం చివర ఎటూ కాకుండా వేలాడే మాట ఉన్న కందాలు మీకు ఇంకేవైనా గుర్తొస్తే పద్యం మొత్తం రాయండి, రాత్రికి చదివిపెడతాను.