డివైస్ ట్రీ నోడ్ పూర్తి పాత్ ఎంతకీ కలవట్లేదు, సాయం చేయండి

ఆటోనగర్ బోర్డులు: మిర్చి కోల్డ్ స్టోరేజీకి టెంపరేచర్ చూసే బోర్డు చేస్తున్నాం. రాస్ప్‌బెర్రీ పై 3 మీద ఎల్ఎం75 సెన్సర్లు రెండు, ఒకటి గది లోపల, ఒకటి బయట. ఏది లోపలిదో మా డ్రైవర్ డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే వివరణ)లో దాని నోడ్ పాత్‌ని బట్టి తెలుసుకుంటుంది. '/సాక్/ఐ2సీ@7ఈ804000/టెంప్@48' అని ఇచ్చి, డివైస్ నోడ్ పేరు ఉండే ఫీల్డ్ ఫుల్_నేమ్‌తో స్ట్రింగ్ కంపేర్ చేస్తున్నాను. కలవట్లేదు. ప్రాక్‌లో డివైస్-ట్రీ ఫోల్డర్ తెరిస్తే అదే పాత్ అక్షరం పొల్లు పోకుండా ఉంది! డీటీబీ (డివైస్ ట్రీ బైనరీ ఫైలు) మళ్లీ కంపైల్ చేశా, అదే తంతు. పొద్దున్నుంచి ఇదే పని. గుంటూరు పార్టీ ఫోన్ల మీద ఫోన్లు, ఒకటే టెన్షన్.

పటమట: డివైస్ నోడ్ అంటే డెవ్ ఫోల్డర్లో ఉండేదేగా? యూడెవ్ (డెవ్ ఫోల్డర్లో పేర్లు పెట్టే ప్రోగ్రామ్) రూల్ రాసుకుంటే పోయేదానికి కెర్నెల్ దాకా ఎందుకు?

ఆటోనగర్ బోర్డులు: అది కాదండీ, డివైస్ ట్రీలో నోడ్.

పటమట: ట్రీ నోడ్ అని రాయాలి మరి. రెండిటినీ ఒకే పేరుతో పిలిస్తే చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

బ్రాడీపేట: కెర్నెల్ వెర్షన్?

అరండల్‌పేట: అసలు డ్రైవర్‌లో పాత్ రాయకూడదు. రేపు బోర్డు మారితే పాత్ మారిపోతుంది. కంపాటిబుల్ (నోడ్‌లో పరికరం రకం చెప్పే ప్రాపర్టీ)తో మ్యాచ్ చేయాలి, ఆఫ్_మ్యాచ్_టేబుల్ ఉన్నది అందుకే. ఇంకో మాట, ఐ2సీ బస్ (సెన్సర్లని కలిపే రెండు వైర్ల లైను) మీద మొత్తం కెపాసిటెన్స్ 400 పికోఫారడ్లు దాటకూడదు. వైరు పొడవైతే అదీ పెరుగుతుంది, గోడ అవతలికి వైరు లాగారా? ఎంత పొడవు?

ఆటోనగర్ బోర్డులు: రెండు సెన్సర్లకీ కంపాటిబుల్ ఒకటే, దాంతో విడదీయలేను. కెర్నెల్ 5.10. పాత బోర్డుల్లో 4.9 ఉంది, వాటిలో ఇదే కోడ్ శుభ్రంగా నడుస్తోంది.

బ్రాడీపేట: ముందు చెప్పాల్సింది ఇదే. 4.15 నుంచి ఫుల్_నేమ్‌లో పూర్తి పాత్ ఉండదు. 'టెంప్@48' అనే చివరి ముక్క ఒక్కటే ఉంటుంది. ఫీల్డ్ పేరు మార్చలేదు కాబట్టి పాత కోడ్ ఎర్రర్ లేకుండా కంపైల్ అవుతుంది, పోలిక దగ్గర తన్నేస్తుంది. పాత్ చూడాలంటే ప్రింట్‌కే (కెర్నెల్ లాగ్‌లోకి రాసే ఫంక్షన్)లో %పీఓఎఫ్ వాడండి, అది పేరెంట్ల మీదుగా రూట్ దాకా పాత్ కట్టి చూపిస్తుంది. పోల్చడానికి స్ట్రింగులు వద్దు. ఆఫ్_ఫైండ్_నోడ్_బై_పాత్‌కి మీ పాత్ ఇచ్చి, వచ్చిన పాయింటర్‌ని డివైస్ సొంత నోడ్ పాయింటర్ ఆఫ్_నోడ్‌తో పోల్చండి.

అరండల్‌పేట: పనయ్యాక ఆఫ్_నోడ్_పుట్ తప్పనిసరి, లేకపోతే రిఫరెన్స్ కౌంట్ (నోడ్‌ని ఎందరు వాడుతున్నారనే లెక్క) తగ్గకుండా అలాగే ఉండిపోతుంది. నన్నడిగితే ఒక్కో నోడ్‌లో లేబుల్ ప్రాపర్టీ పెట్టి డ్రైవర్ దాన్నే చదవాలి. బోర్డు మారినా డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్ ఫైలు) ఒక్కటి సర్దుకుంటే చాలు.

గవర్నర్‌పేట: మధ్యలో అడుగుతున్నా. నా పై 3లో కెర్నెల్ లాగ్ ఇదే బస్‌ని 3ఎఫ్804000 అంటోంది. పాత్‌లో ఏది రాయాలి?

బ్రాడీపేట: 7ఈ. లాగ్‌లోది డివైస్ ట్రీలోని రేంజెస్ (అడ్రస్ మార్పిడి పట్టిక) ప్రకారం ప్రాసెసర్ వైపు అడ్రస్‌గా మారాక వచ్చిన అంకె.

ఆటోనగర్ బోర్డులు: పాయింటర్‌తో కలిసింది. థాంక్సండీ. లేబుల్ పద్ధతి వచ్చే బోర్డుకి పెడతా.

అరండల్‌పేట: వైరు పొడవు చెప్పలేదు.